మఱపు వ్యాధి – మూలికలు

ఇంటిలో అత్తగారు భోజనము ముగించిన గడియలోనే "అన్నము పెట్టరా?" యని యడిగినచో, కన్నబిడ్డల పేళ్లు తడబడినచో, ముసలితనపు చాదస్తమని త్రోసివేయుదుము. అది ఆల్జీమర్ వ్యాధి కావచ్చును. జర్మనీ వైద్యుడు ఆల్జీమర్ దీనిని 1906లో లోకమునకు తెలిపెను.

దీనిని సమూలముగ మాన్పు మందు లేదు. డోనెపెజిల్ వంటి మందులు కొందఱికి కొంతకాలము ఊరట నిచ్చును. వానికి తోడుగ చీనా మూలికలు వాడవచ్చునా యని పలువు రడుగుచున్నారు.

చీనా మూలికలను చులకన చేయరాదు. 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదునందే మలేరియా క్రిమిని దోమకడుపులో కనుగొనెను. ఆ జ్వరమునకు చీనా మూలికనుండి మందు కనిపెట్టిన తూ యూయూ అను నామెకు 2015లో నోబెలు బహుమానము లభించెను. కాని యా మూలిక పరీక్షలలో నెగ్గిన పిమ్మటనే మందయ్యెను. మఱపు వ్యాధికి వాడు చీనా మూలికలకుగాని, మన సరస్వతి యాకునకుగాని యంతటి నిదర్శన మింకను లేదు.

మఱియు, చీనాదేశపు మొక్కనుండి తీయు హ్యూపర్జీన్ అనునది డోనెపెజిల్ చేయు పనినే చేయును. రెండును కలిసినచో వాంతులు కలుగవచ్చును, గుండె మందగింపవచ్చును. గింకో ఆకు రక్తము గడ్డకట్టకుండ నిచ్చు మందులతో చేరినచో రక్తస్రావ భయము కలదు.

కావున వైద్యు డిచ్చిన మందు మాన్పి మూలిక నీయకుడు. ఇచ్చుచున్న మూలికను దాచకుడు. ఆ పొట్లమును వైద్యునికి చూపుడు. వేళకు భోజనము, మంచి నిద్ర, మెల్లని మాట ఏ మందుతోను విరోధింపవు. పెద్దలు మనలను మఱచినను మనము వారిని మఱవరాదు.