రికవరీ పెన్‌డ్రైవును డ్రైవరులును

కీబోర్డు ఊడదీసినప్పుడు పలకగను, తగిలించినప్పుడు ల్యాప్‌టాపుగను పనిచేయు టాబ్లెట్టులు ఇప్పుడు అనేక గృహములందును పాఠశాలలందును వాడుకలోనికి వచ్చియున్నవి. విద్యార్థుల నోట్సులు, ఉపాధ్యాయుల మార్కుల పట్టికలు, తల్లిదండ్రుల లెక్కలు, కుటుంబముల ఛాయాచిత్రములు వానియందే యుండుచున్నవి. ఇట్టి యంత్రము ఒకనాడు విండోస్ తెరవక మొరాయించినచో పనికివచ్చునని పలువురు రికవరీ పెన్‌డ్రైవు నొకదానిని ముందుగనే చేసి యుంచుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన జాగ్రత్తయే. కాని ఆపద వచ్చిన దినమున ఆ పెన్‌డ్రైవుతో యంత్రమును తెరచినప్పుడు తెర ముట్టినను పలుకదు. కీబోర్డు నొక్కినను అక్షరము పడదు. లేక డిస్కు ఏదియు కనబడలేదను మాట తెరపై నిలుచును. అంతట మనస్సు చెదరి, డిస్కు చెడిపోయినదని తలచి, సమస్తమును చెరిపివేసి క్రొత్తగా విండోస్ వేయించుటకు పూనుకొనువారు కలరు. పెక్కు సందర్భములలో ఆ డిస్కు కుశలముగనే యుండును. దానిని చూపగల డ్రైవరు మాత్రమే లోపించియుండును. ఈ భేదమును కనుగొనుట ఎట్లో, కనుగొనిన పిమ్మట ఏమి చేయవలయునో మా చదువరులకు వివరింప దలచితిమి.

డ్రైవరనగా ఇచ్చట బండి తోలువాడు కాడు. ఒక చిన్న ప్రోగ్రాము. పూర్వము చెన్నపట్టణమున కుంపిణీ వర్తకులకును దేశీయులకును నడుమ దుబాసీలుండి ఒకరి మాట నొకరికి తెలిపెడివారు. విండోస్‌కును యంత్రభాగములకును నడుమ డ్రైవరు చేయు పని అదియే. తెరయొక్క స్పర్శకు ఒకటి, డిస్కునకు ఒకటి, వైఫైకి ఒకటి, ఇట్లు వేరువేరు భాగములకు వేరువేరు డ్రైవరులుండును. దుబాసి లేనిచో వర్తకుడు ఎదుటనే యున్నను బేరము సాగదు. అట్లే డ్రైవరు లేనిచో డిస్కు యథాస్థానమున చెక్కుచెదరక యున్నను విండోస్ దృష్టికి లేనట్లే యగును.

మనము ప్రతిదినము వాడు విండోస్‌నందు ఈ డ్రైవరులన్నియు యంత్రమును చేసినవారిచేతనో, పిమ్మట వచ్చిన అప్‌డేటులచేతనో చేర్చబడి యుండును. రికవరీ పెన్‌డ్రైవులో నుండునది ఆ పూర్ణమైన విండోస్ కాదు, విండోస్ పి.ఇ. అనబడు సంక్షిప్తరూపముపై కట్టబడిన మరమ్మతు సాధనము. ఇది మెమరీలోనికి చేరి అక్కడనే పనిచేయును. మరమ్మతునకు కావలసిన కొలది సామగ్రినే వెంట తెచ్చుకొనును. సామాన్యములైన డ్రైవరులు ఇందుండును గాని, ఆ యొక్క టాబ్లెట్టునకే ప్రత్యేకమైనవి లేకపోవచ్చును.

యంత్రము పెన్‌డ్రైవునుండియే మొదలైనది గదా, పిమ్మట యు.ఎస్.బి. వస్తువులే ఎట్లు కనబడకపోవునని కొందరికి సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము సులభము. మీట నొక్కగానే మొదట మేలుకొనునది యూ.ఇ.ఎఫ్.ఐ. అను ఫర్మువేరు. అది తన సొంత నేర్పుతో పెన్‌డ్రైవును చదివి, చిన్న విండోస్‌ను మెమరీలోనికి చేర్చి, అధికారమును దానికి అప్పగించును. ఆ క్షణమునుండి పాత నేర్పు పనికిరాదు. విండోస్ తన డ్రైవరులతోనే అన్నిటిని చూడవలయును. 2009వ సంవత్సరమున వచ్చిన విండోస్ 7 ఇందుకు మంచి నిదర్శనము. దాని ఇన్‌స్టలేషను డిస్కులో యు.ఎస్.బి. 3.0 డ్రైవరు లేకుండెను. అందుచేత తరువాతి కాలపు యంత్రములలో అది చక్కగా మొదలయ్యెడిది. కాని కొంతదూరము పోయిన పిమ్మట కీబోర్డు, మౌసు నిశ్చలములై, డ్రైవరు కావలెనని అడిగెడిది.

టాబ్లెట్టులలో ఈ చిక్కు మరింత హెచ్చు. పలు టాబ్లెట్టులలో స్పర్శను గ్రహించు భాగము యు.ఎస్.బి. మార్గమున గాక వేరొక మార్గమున ప్రాసెసరుతో కలుపబడియుండును. ఆ మార్గమునకు సైతము డ్రైవరు కావలెను. బ్లూటూత్ కీబోర్డు ఈ చిన్న విండోస్‌లో పనిచేయదు. కొన్ని టాబ్లెట్టులకు యు.ఎస్.బి. రంధ్రము ఒక్కటే యుండును. అందు పెన్‌డ్రైవు పెట్టిన కీబోర్డునకు చోటులేదు.

ఇక చేయవలసిన పనులను క్రమముగా చెప్పెదము.

మొదటిది, చేతికి పనిముట్టు సంపాదించుట. తీగగల సాధారణ యు.ఎస్.బి. కీబోర్డు నొకదానిని, రెండు మూడు రంధ్రములుగల హబ్బును సిద్ధము చేసికొనవలయును. ఛార్జరును తగిలించియే పని ప్రారంభింపవలయును. పెన్‌డ్రైవునుండి తెరచుటకు ఒక్కొక్క యంత్రమున కొక్కొక్క పద్ధతి కలదు. సర్ఫేస్ టాబ్లెట్టులలో శబ్దమును తగ్గించు మీటను అదిమిపట్టి పవరు మీటను నొక్కి విడువవలయును. పెన్‌డ్రైవు అసలు మొదలే కానిచో అది డ్రైవరు దోషము కాదు. అది ఫాట్ 32 పద్ధతిలో నున్నదో లేదో చూడవలయును; ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిని అన్ని ఫర్మువేరులును చదువజాలవు.

రెండవది, డిస్కు కనబడుచున్నదో లేదో పరీక్షించుట. కమాండు ప్రాంప్టును తెరచి డిస్క్‌పార్ట్ అని వ్రాసి, పిమ్మట లిస్ట్ డిస్క్ అని వ్రాసినచో విండోస్ చూడగలిగిన డిస్కులన్నియు పట్టికగా వచ్చును. ఇది చూచుటకు మాత్రమే. ఆ సాధనముననే క్లీన్ అను ఆజ్ఞ యొకటి కలదు. అది ఎంచుకొనిన డిస్కులోని విభాగముల నన్నిటిని చెరుపును. కావున దాని జోలికి పోరాదు. పట్టికలో పెన్‌డ్రైవు మాత్రమే యుండి లోపలి డిస్కు లేనిచో, మొట్టమొదట అనుమానింపవలసినది డ్రైవరును, డిస్కును గాదు.

మూడవది, ఆ డ్రైవరును తెచ్చి యెక్కించుట. ఇంటెల్ వారి 11వ తరము ప్రాసెసరులు మొదలుకొని అనేక యంత్రములలో డిస్కు వి.ఎమ్.డి. అను ఏర్పాటు వెనుక నుండును. ఆ ఏర్పాటునకు తగిన ఇంటెల్ డ్రైవరు లేనిచో డిస్కు కనబడదు. మరియొక కంప్యూటరునుండి, యంత్రము చేసినవారి వెబ్‌సైటులో సరిగా ఆ మోడలునకే ఉద్దేశింపబడిన డ్రైవరును దించుకొనవలయును. అది ఇన్‌స్టాలరు రూపమున నున్న పనికిరాదు. దానిని విప్పి, ఐ.ఎన్.ఎఫ్. ఫైలు కనబడునట్లు పెన్‌డ్రైవులో నుంచవలయును. పిమ్మట కమాండు ప్రాంప్టులో డ్రవ్‌లోడ్ అను ఆజ్ఞతో ఆ ఫైలును ఎక్కించినచో, డ్రైవరు సరియైనదగునెడల డిస్కు అప్పటికప్పుడే పట్టికలోనికి వచ్చును. ఇంటెల్, ఎ.ఎమ్.డి. ప్రాసెసరులకు చేసిన డ్రైవరు ఆర్మ్ జాతి ప్రాసెసరుగల టాబ్లెట్టులలో పనిచేయదని గుర్తుంచుకొనవలయును. ఫర్మువేరులో వి.ఎమ్.డి.ని తీసివేసిన డిస్కు కనబడవచ్చును గాని, అట్లు మార్చిన పిమ్మట పాత విండోస్ తెరవకపోవచ్చును. కావున డ్రైవరు నెక్కించుటయే మేలైన మార్గము.

నాలుగవది, తాళపుచెవి. డిస్కు కనబడినను బిట్‌లాకరుచే బంధింపబడియున్నచో 48 అంకెల రికవరీ కీ అడుగును. అది లేక లోపలి ఫైలులు చదువ వీలుపడదు. దానిని కాగితముపై వ్రాసి, టాబ్లెట్టుతో గాక వేరొకచోట భద్రపరుపవలయును.

డ్రైవరు కొరత పెన్‌డ్రైవులకే పరిమితమని తలచరాదు. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన వచ్చిన విండోస్ 11 భద్రతా అప్‌డేటు తరువాత, యంత్రములోపలనే యుండు రికవరీ భాగమున యు.ఎస్.బి. కీబోర్డులును మౌసులును పనిచేయుట మానినవి. మామూలు విండోస్‌లో అవి చక్కగా పనిచేయుచునే యుండెను. మైక్రోసాఫ్టువారు అదే నెల 20వ తేదీన సవరణ పంపిరి. ఈలోపల ఆపదలో పడినవారికి, స్పర్శగల తెరయో, ముందు చేసియుంచుకొనిన రికవరీ పెన్‌డ్రైవో ఆదుకొనెను. ఒక్క మార్గమునే నమ్ముకొనరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

కావున యంత్రము కుశలముగా నున్న దినముననే కొంత పని చేయవలయును. రికవరీ డ్రైవును చేయునప్పుడు సిస్టము ఫైలులను సైతము అందు చేర్చుమని కోరవలయును. ఆ పనికి 16 గీగాబైట్లకు తక్కువకాని పెన్‌డ్రైవు కావలెను. అందు పూర్వమున్నదంతయు చెరిగిపోవును. పి.ఎన్.పి.యుటిల్ అను ఆజ్ఞతో ప్రత్యేక డ్రైవరుల నన్నిటిని ఒక ఫోల్డరులోనికి ఎగుమతి చేసి, దానిని సైతము భద్రపరుపవలయును. పిమ్మట ఆ పెన్‌డ్రైవుతో ఒకసారి యంత్రమును తెరచి, కీబోర్డు పలుకుచున్నదా, డిస్కు కనబడుచున్నదా అని చూచి, ఏమియు మార్పక వెలుపలికి రావలయును. ఈ పరీక్ష చేయని పెన్‌డ్రైవు తూము తెరచి చూడని చెరువు వంటిది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. రికవరీ డ్రైవు విండోస్‌ను తిరిగి నిలుపును గాని మన వ్రాతలను నిలుపదు. డ్రైవునుండి రికవరు చేయుమను మార్గమును ఎంచుకొనినచో లోపలి స్వంత ఫైలులును ప్రోగ్రాములును తొలగిపోవును. కావున పాఠముల నోట్సులును చిత్రములును వేరొక డిస్కులో ప్రతి యొకటి యుండవలసినదే. అట్టి ప్రతి లేనివారు ముందుగా డ్రైవరు నెక్కించి, డిస్కును కనుగొని, ఫైలులను వేరొకచోటికి చేర్చుకొని, పిమ్మటనే మరమ్మతునకు దిగవలయును. తెరపై కనబడనిదెల్ల నశించినదని తొందరపడక, కనబడకుండుటకు కారణమేమని మొదట అడుగువారి శ్రమ వ్యర్థము కాదు.