చక్రముల పలకపై దూరప్రయాణము

నాలుగు చక్రములు గల పలకపై నిలువబడి, ఒక కాలితో నేలను వెనుకకు త్రోయుచు ముందునకు సాగిపోవుట బాలుర వినోదమని మనమెల్లరము ఎఱిగినదే. ఈ పలకను స్కేటుబోర్డు అందురు. అట్టి పలకపై న్యూజీలండు దేశస్థుడగు రాబ్ థామ్సన్ అనునతడు 2007వ సంవత్సరము జూను 24వ తేదీన స్విట్జర్లాండులోని లేసిన్ అను ఊర బయలుదేరి, 2008వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన చీనాదేశపు షాంఘై నగరమును చేరెను. సముద్రమును పలకపై దాటుట ఎవ్వరి తరమును కాదు గనుక, ఐరోపా, ఉత్తర అమెరికా, చీనాలయందు నేలపై పలకతో సాగిన దూరమును మాత్రమే లెక్కించిరి. అది 12,159 కిలోమీటర్లు. గిన్నిసు రికార్డులవారును దీని నంగీకరించిరి. అంతకుముందు అతడు జపానునుండి ఐరోపా వఱకు సైకిలుపై వచ్చినవాడు. మంచి సైకిలును విడిచి పలకను పట్టుట మాకు మొదట వింతగానే తోచినది. ఇంత చిన్న సాధనము ఇంత దూరము మనుష్యుని మోయుటకు కారణమేమి, అందులకు దేహము చెల్లింపవలసిన వెల యెంత, అను రెండు సంగతులనే యిచ్చట వివరింప దలచితిమి.

ఈ ఆట 1950 ప్రాంతమున కాలిఫోర్నియా సముద్రతీరమున పుట్టినది. అలలపై పలకలతో తేలియాడు యువకులు, అలలు లేని దినములలో పలకలకు స్కేటుచక్రములు బిగించి వీథులలో తిరుగ నారంభించిరి. ఆ చక్రములు మొదట ఉక్కువి. పిమ్మట మట్టి కలిపిన గట్టి ద్రవ్యముతో చేసినవి. గులకఱాయి యొకటి అడ్డమైనచో చక్రము టక్కున నిలిచిపోవును. పైనున్న బాలుడు మాత్రము నిలువడు! 1970 తరువాతి సంవత్సరములలో ఫ్రాంక్ నాస్వర్తీ అనునతడు పాలీయూరిథేను అను ద్రవ్యముతో చేసిన చక్రములను ఈ పలకలకై అమ్మసాగెను. ఈ ద్రవ్యము రబ్బరువలె ఒదిగి, మఱల తన రూపమును పొందును, త్వరగా అరిగిపోదు, గరుకు నేలను పట్టుకొని పోవును. వీథి చివఱవఱకు పోవు ఆటవస్తువు ఊరు దాటి పోగల వాహనమైనది ఈ చక్రమువలననే యని మా యభిప్రాయము. ఏలయనగా, అది వచ్చిన కొలది యేండ్లకే, 1976లో, జాక్ స్మిత్ అను అమెరికను యువకుడు ఇద్దఱు స్నేహితులతో కూడి ఓరిగను రాష్ట్రములోని లెబనాను పట్టణమునుండి వర్జీనియాలోని విలియమ్సుబర్గు వఱకు, అనగా ఖండమునకు ఆ యంచునుండి ఈ యంచుకు, 32 దినములలో చేరెను. వారు వంతులువారీగా పలక నెక్కిరి.

దూరప్రయాణమునకు వాడు పలక, గంతులు వేయు బాలుర పలకవంటిది కాదు. ఇది పొడవైనది గనుక దీనికి లాంగుబోర్డు అని పేరు. గంతుల పలకకు చక్రముల అడ్డుకొలత 50 మొదలు 55 మిల్లీమీటర్లుండగా, దూరపు పలకకు 80 మొదలు 100 మిల్లీమీటర్ల వఱకు నుండును. దీని కారణము మన పల్లెలలో పుట్టిన బాలున కెవనికైనను తెలియును. ఎడ్లబండి పెద్ద చక్రము గతుకును లెక్కచేయక దాటిపోవును. పిల్లవాని బొమ్మబండి అదే గతుకులో కూలబడును. కాని యిందొక చిక్కు గలదు. చక్రము పెద్దదైన కొలది పలక నేలకు ఎత్తగును. ఎత్తైనచో కాలు నేల నందుకొనుట కష్టమగును. కావున పలకను ఇరుసులపై గాక ఇరుసుల నడుమ క్రిందికి వ్రేలాడునట్లు బిగించెదరు. ఒకటి రెండు అంగుళములకై యింత పాటెందుకని పాఠకులడుగవచ్చును. దానికి సమాధానము కాళ్లలో నున్నది.

మా తరగతిలో ఈ విషయము చెప్పునప్పుడు, "ఈ ప్రయాణమున ముందుగా అలసిపోవు కాలేది?" అని యడిగితిమి. నేలను త్రోయు కాలేయని తరగతియంతయు ఏకకంఠముగా పలికినది. ఒక బాలిక మాత్రము కొంత తాళి, "కాదండి, పలకమీద ఊరక నిలిచిన కాలు," అనెను. ఆమె మాటయే నిజము. త్రోయు కాలు ఊగి, నేలను తాకి, గాలిలో విశ్రమించుచు మఱల పైకి వచ్చును. నిలిచిన కాలో, దేహభారమంతయు తానొక్కటియే మోయుచు, రెండవ పాదము నేల నందుటకై మోకాలు వంచి క్రిందికి దిగి, మఱల లేవవలెను. ప్రతి త్రోపునకును ఒంటికాలితో ఒక గుంజీ తీసినట్లే. మెట్ట సమముగా నున్న దారిలో ఒక్కొక్క త్రోపునకు 6 మీటర్లు సాగుదుమనుకొన్నచో, దినమునకు 30 కిలోమీటర్లు పోవువాడు 5,000 త్రోపులు త్రోయవలెను. పలక 2 అంగుళములు తగ్గినచో ఆ దినమున 10,000 అంగుళములు, అనగా 833 అడుగులు, తన దేహమును ఎత్తుకొను శ్రమ ఆ కాలికి తప్పును. అది యొక కొండ యెక్కినంత! థామ్సన్ సాగిన దూరమునకు ఈ లెక్కనే వేయగా త్రోపులు ఇరువది లక్షలకు మించినవి. తరగతిలో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు.

ఇట్టి శ్రమ నంతయు ఒక్క కాలిపైననే వేసిన దేహము వంకర యగును. ఒక తొడ పెరుగును, మఱియొకటి వెనుకబడును. నడుము ఒక ప్రక్కకు లాగును. నిలిచిన పాదపు అడుగు తిమ్మిరెక్కును. కావున దూరము పోదలచినవారు ఎడమ కాలితోను కుడి కాలితోను సమముగా త్రోయ నేర్తురు. కుడిచేతివాడు ఎడమచేత వ్రాయ నేర్చుకొన్నట్లు ఇది మొదట మిక్కిలి వికారముగా నుండునట. మఱికొందఱు నేలను తాకకయే, నడుమును భుజములను లయగా త్రిప్పి, పలక ఇటునటు వంగి తిరుగుటవలన వేగమును పుట్టించుకొందురు. దానివలన రెండు కాళ్లును కొంతసేపు పలకపై కుదురుగా నుండును.

ఈ విద్య యెంతవఱకు పెరిగినదో ఒక లెక్క చెప్పిన చాలును. 2013 జనవరిలో ఫ్లారిడాలోని హోమ్‌స్టెడ్ మోటారుపందెపు బాటపై ఆండ్రూ ఆండ్రస్ అనునతడు 24 గంటలలో 421 కిలోమీటర్లకు పైగా సాగెను. ఆహారమునకు, నీటికి నిలిచిన కాలమును కూడ కలుపుకొన్నను గంటకు సగటున 17½ కిలోమీటర్లు పడినది. 2017లో హాలండువాడగు రిక్ ప్రాంక్ ఒక్క దినమున 300 మైళ్లను మించెను.

పందెపు బాట నునుపైనది. దానిపై బండ్లు రావు. బయటి దారుల సంగతి వేఱు. డేవ్ కార్న్‌థ్వెయిట్ అను ఆంగ్లేయుడు 2005 వఱకు పలక ఎక్కి యెఱుగడు. 2006లో బ్రిటను ఉత్తరపు కొననుండి దక్షిణపు కొనకు 896 మైళ్లు 34 దినములలో సాగి, ఆ యేడే ఆస్ట్రేలియాకు పోయి, పెర్తునుండి బ్రిస్బేను వఱకు 5,823 కిలోమీటర్లు సాగి 2007 జనవరిలో ముగించెను. ఆ దారిలో నల్లార్బార్ అను మైదానము గలదు. చెట్టు లేనిదని ఆ పేరునకు లాటినులో నర్థము. అచ్చట రోడ్డు ఒక తావున 146 కిలోమీటర్లకు పైగా ఒక్క వంపైనను లేక పోవును. పల్లము లేనిచోట పలక తనంతట తాను దొరలదు. కాలికి విశ్రాంతి లేదు. రెండు మూడు పెట్టెలను లాగు పొడవైన లారీలు అచ్చట నడచును. వానికి రోడ్డు రైళ్లని పేరు. అట్టిది ప్రక్కగా పోవునప్పుడు మొదట గాలి మనుష్యుని అవతలికి నెట్టును, వెంటనే బండి వైపునకు లాగును. సైకిలువానికే తడబాటు కలుగును. చిన్న పలకపై నిలిచినవాని గతి ఊహింపదగినది. అతని వెంట సహాయకులు బండిలో వచ్చిరి.

వంతులువారీ ప్రయాణమును ఒంటరి ప్రయాణమును ఒకే తూనికలో తూచరాదు. జాక్ స్మిత్ బృందము 1984లో అమెరికాను 26 దినములలోను, 2003లో 21 దినములలోను దాటినది. 2023లో చాడ్ కరూసో అనునతడు కాలిఫోర్నియాలోని వెనీసు తీరమునుండి వర్జీనియా తీరమునకు ఒక్కడే పోయినందున 57 దినములు పట్టినది. 21 కంటె 57 ఎక్కువ గనుక ఇతడు మందగొడి యనువాడు, రాత్రివేళ ఎవ్వని కాలు మఱునాటికి ఆఱవలెనో ఆలోచింపనివాడు. స్మిత్ 2003లో పోయిన పోకకు వేఱొక కారణము గలదు. లోవ్ వ్యాధి యని కన్నులను, మెదడును, మూత్రపిండములను చెఱచు అరుదైన వ్యాధి. అది పుట్టుకతోనే వచ్చును. దానితో మరణించిన తన కుమారుని జ్ఞాపకార్థమై, ఆ వ్యాధిపై పరిశోధనకు ధనము కూర్చుటకు ఆ తండ్రి మూడవమాఱు ఖండమును దాటెను. యౌవనమున వినోదముకై నేర్చినది ఆ వయస్సున అతనికట్లు అక్కఱకు వచ్చినది.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పలకకు సైకిలువలె బ్రేకు లేదు. ఒక పాదమును మెల్లగా నేలపై నానించి చెప్పు అడుగును అరుగదీయుటయే ఆపుటకు సామాన్యమైన ఉపాయము. పల్లమున వేగము మించిన పిమ్మట అదియు సాగదు. ఆపుట నేర్వకముందే వేగము నేర్చిన బాలునికి పలక నీయవలదు. తల టోపీ లేనిదే ఎక్కనీయవలదు. తడినేలపై చక్రము జాఱును, బేరింగులు తుప్పుపట్టును. లారీలు నడచు పెద్ద రోడ్డులపైకి దీనిని తీసికొనిపోవుటకు మేము ఏ విద్యార్థికిని సమ్మతింపము. పైని చెప్పిన వారందఱు పెరిగిన మనుష్యులు.

పలక లేనివారును ఈ శ్రమ యెట్టిదో ఇంటనే చూడవచ్చును. వాకిటి మెట్టుపై ఒంటికాలితో నిలువబడి, రెండవ పాదపు మునివ్రేళ్లతో నేలను తాకి, మఱల నిటారుగా లేవవలెను. ఏబదిమాఱులు చేసి, పిమ్మట కాలు మార్చి ఇంకొక ఏబది. సెలవుల తరువాత ఏ కాలు ముందుగా మొఱపెట్టినదో మాకు వచ్చి చెప్పవచ్చును.