చిన్న కారు - ఢీకొను పరీక్ష

కారు కొనదలచినవారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. వెల యెంత? లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడచును? అడుగవలసిన మూడవ ప్రశ్న మరియొకటి కలదు. కారు దేనినైనను ఢీకొన్నచో లోపల కూర్చున్నవారి గతి యేమి? మొదటి రెండు ప్రశ్నలకు మేలుచేయు పొదుపు మూడవదానికి ఎట్లు కీడు చేయగలదో 'డాట్సన్ గో' అను చిన్న కారు చరిత్ర తెలుపును.

డాట్సన్ జపానులో పాత పేరు. దీనిని నిస్సాన్ సంస్థ 1980 దశకములో విడిచిపెట్టి, 2012లో మరల చేపట్టెను. అభివృద్ధి చెందుచున్న దేశములలో మొదటిసారిగా కారు కొనువారికి అందుబాటు వెలలో బండి నిచ్చుట దాని యుద్దేశము. 2013 జూలైలో ఢిల్లీలో చూపబడిన గో, 2014 మార్చిలో మన దేశములో అమ్మకమునకు వచ్చెను. చెన్నై సమీపమున ఒరగడంలో తయారైన ఈ కారు దక్షిణాఫ్రికాలో కూడ అమ్మబడెను. ప్రారంభపు వెల 3 లక్షల 12 వేల రూపాయలు. పొడవు సుమారు 3.8 మీటర్లు. మూడు సిలిండర్ల 1.2 లీటరు ఇంజను. బరువు 800 కిలోగ్రాములకన్న తక్కువ.

వెల తగ్గించుటకు చేసిన పొదుపు కంటికి కనబడుచుండెను. ముందు అద్దమునకు ఒకే వైపరు. రేడియోకు బదులు మొబైలు ఫోను నిలుపుటకు ఒక అమరిక. వీనివలన ఎవరికిని ప్రాణహాని లేదు. ఆనాటి గోలో గాలిసంచులును లేవు. ఇక బరువు విషయము. తేలిక బండిని కదల్చుటకు తక్కువ ఇంధనము చాలును. ఉక్కు తగ్గినకొలది వెలయును తగ్గును. కాని ఏ భాగమున ఎంత ఉక్కు, ఎట్టి ఉక్కు ఉన్నదో రంగు క్రింద కనబడదు. దానిని ఢీకొను పరీక్షయే బయటపెట్టును.

ఈ పరీక్షలో గంటకు 64 కిలోమీటర్ల వేగముతో కారును ఒక అడ్డుపైకి నడుపుదురు. అడ్డు ముందుభాగము నలిగెడి అల్యూమినియముతో చేయబడి యుండును. కారు వెడల్పులో 40 శాతము మాత్రమే, డ్రైవరు వైపున, దానికి తగులును. రహదారిపై ఎదురెదురుగా వచ్చు బండ్లు చాలసార్లు ఇట్లే ఒక ప్రక్కగా ఢీకొనును. మనుష్యులకు బదులు లోపల కొలత పరికరములు గల బొమ్మలను కూర్చుండబెట్టుదురు.

గంటకు 64 కిలోమీటర్లనగా సెకనుకు 17.8 మీటర్లు. 800 కిలోగ్రాముల బండికి ఈ వేగమున గల గతిజశక్తి సుమారు 1,26,000 జౌళ్లు. సుమారు 16 మీటర్ల ఎత్తు గల మేడపైనుండి పడిన వస్తువు నేలను తాకునప్పటి వేగము కూడ ఇంతయే. ఈ శక్తి యంతయు ఎక్కడనో ఖర్చు కావలెను. అది ఎంత దూరములో ఖర్చగునన్నదే ముఖ్యము.

వేగపు వర్గమును ఆగు దూరమునకు రెట్టింపుచే భాగించిన సగటు ఋణత్వరణము వచ్చును. కారులోనివాడు 60 సెంటీమీటర్ల దూరములో ఆగినచో అది గురుత్వ త్వరణమునకు సుమారు 27 రెట్లు. బెల్టు లేక ముందుకు పోయి, గట్టి భాగమునకు తగిలి 5 సెంటీమీటర్లలో ఆగినచో సుమారు 320 రెట్లు! మొదటి దెబ్బను బెల్టు కట్టుకొన్న మనుష్యుడు తట్టుకొనుట సాధ్యము. రెండవది ప్రాణాంతకము.

కావున కారు శరీరము రెండు విరుద్ధమైన పనులు చేయవలెను. ఇంజను గల ముందుభాగము క్రమముగా నలిగి, శక్తిని మ్రింగవలెను. మనుష్యులు కూర్చున్న గూడు మాత్రము నలుగరాదు. అందుకే గూటి స్తంభములకు మామూలు ఉక్కుకన్న నాలుగైదు రెట్లు బలమైన ఉక్కును వాడుట కలదు. గూడు నిలిచినప్పుడే బెల్టును గాలిసంచియు తమ పని చేయగలవు. గూడే కూలినచో స్టీరింగు చక్రము మనుష్యుని మీదికి వచ్చును. గాలిసంచి ఉబ్బుటకు చోటే మిగులదు.

2014 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ గోను పరీక్షించినప్పుడు జరిగినది ఇదియే. గూడు కూలినది. పెద్దల రక్షణకు సున్న నక్షత్రములు వచ్చినవి. ఇట్టి నిర్మాణమునకు గాలిసంచులు తగిలించినను ఫలము లేదని ఆ సంస్థ చెప్పెను. కారును అమ్మకము నుండి తీసివేయుడని సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ నిస్సాన్ అధిపతికి లేఖ వ్రాసెను. మన దేశపు నిబంధనలకు గో సరిపోవుచున్నదని నిస్సాన్ బదులు చెప్పెను. ఆ మాటయు నిజమే. అప్పటికి మన దేశములో ఇట్టి పరీక్ష తప్పనిసరి కాలేదు.

గూడు ప్రాముఖ్యము తెలియుటకు మరి రెండు ఫలితములు చూడుడు. అదే సంవత్సరము గాలిసంచులు లేని ఫోక్స్‌వాగన్ పోలోకును సున్నయే వచ్చెను. కాని దాని గూడు నిలిచినది. గాలిసంచులు అమర్చగానే అదే కారు నాలుగు నక్షత్రములు పొందెను. గోకు అన్నవంటి పొడవైన 'గో ప్లస్' 2017లో దక్షిణాఫ్రికా కార్ల పరీక్షలో, డ్రైవరుకు గాలిసంచి ఉండియు, ఒక్క నక్షత్రమే పొందెను.

తరువాత మన నిబంధనలు మారినవి. గంటకు 56 కిలోమీటర్ల వేగముతో ముందువైపు ఢీకొను పరీక్ష 2017 అక్టోబరు నుండి క్రొత్త నమూనాలకును, 2019 అక్టోబరు నుండి అన్ని కార్లకును తప్పనిసరి యయ్యెను. 2019 జూలై నుండి డ్రైవరు గాలిసంచి లేనిదే కారు అమ్మరాదు. గోకు కూడ 2018లో ముందు రెండు గాలిసంచులు చేర్చబడినవి. 2022లో డాట్సన్ పేరుతో కార్ల తయారీయే నిలిచిపోయెను. 2023 అక్టోబరు 1 నుండి నక్షత్రములిచ్చు భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష మన దేశములోనే మొదలయ్యెను.

ఇందు విద్యార్థులకు ఒక లెక్క కలదు. వేగము 64 నుండి 32కు తగ్గినచో శక్తి ఎన్నవ వంతగును? నాల్గవ వంతు. కారు గూటిని బలపరచుట ఇంజనీర్ల పని, పరీక్షించుట ప్రభుత్వముల పని. వేగము తగ్గించుట, బెల్టు కట్టుకొనుట మాత్రము ఏ వెల గల కారులోనైనను మన చేతిలోని పనులు. ఇక కారు కొనబోవు ఇంట మూడవ ప్రశ్నను గుర్తుచేయుటకు పాఠశాల విద్యార్థి చాలును.