ఎర్రనేల వాలుపై ఇంటి దారి

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం పీఠభూమిలో, గుట్ట వాలున కట్టుకున్న ఇంటికి వేసిన పొడవాటి దారిని చెడగొట్టేది వాహనాల బరువు కన్నా వాననీరే. పడమటి కనుమల వర్షచ్ఛాయలో, అంటే కనుమలు మేఘాలను అడ్డగించడం వల్ల వాన తగ్గిపోయే చోట, ఉన్న ఈ సీమకు వాన అరుదే గాని, వచ్చినప్పుడు మెల్లగా రాదు. ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొద్ది గంటల్లోనే కుమ్మరించే జడివానలో చాలా భాగం ఇంకకుండానే వాలు పట్టి పారిపోతుంది. ఎర్ర గరప నేలకు బంకతనం తక్కువ కాబట్టి ట్రాక్టరు చక్రాల గాడిలో వేలెడు లోతున మొదలైన పారుదల కొన్ని వానలకే గండిగా మారి, దారి కాస్తా వాగవుతుంది.

కనుక సిమెంటు, రాయి ధరలు విచారించే ముందు వాలు ఎంతో తేల్చుకోవాలి. నూరు మీటర్ల దూరానికి ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతుందో తెలిపే లెక్కే వాలు శాతం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు మైదానపు రోడ్లకు సాధారణంగా 3.3 శాతాన్ని, కొండ రోడ్లకు 5 శాతాన్ని సూచిస్తాయి. సొంత ఇంటి దారికి 10 శాతం దాకా పెట్టుకోవచ్చు గాని, అంతకు బాగా మించితే తడి నేలపై లోడు ట్రాక్టరుకు పట్టు దొరకదు. దారి కొంత పొడవైనా గుట్టను చుట్టి రావడమే మేలు. గుత్తి కోట దారి కూడా నిటారుగా ఎగబాకక, ద్వారాల గుండా మెలికలు తిరుగుతూనే కొండెక్కుతుంది.

వాలును కోసి దారి తీస్తే పైనుంచి వచ్చే నీటి తోవ మారిపోతుంది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో గ్రామస్థులు, టింబక్టు కలెక్టివ్ సంస్థ కలిసి పశువుల మేతను, నిప్పును అదుపు చేసి పెంచుకున్న కల్పవల్లి అడవిలో గాలిమరల కోసం కొండలపై వెడల్పు దారులు తీసినప్పుడు, వాటివల్ల మట్టి కోసుకుపోయి వాగులు పూడుతున్నాయన్న ఫిర్యాదు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఇంటి దారి దానితో పోలిస్తే చిన్నదే, నీటి స్వభావం మాత్రం ఒక్కటే.

అందుకే 10 శాతం వాలున్న దారికి ఇరవై, ఇరవై అయిదు మీటర్లకొకటి చొప్పున, నీటిని పక్కకు మళ్లించే అడ్డు మిట్టలను ఏటవాలుగా కట్టాలి. కొండ వైపు అంచున రాళ్లు పరిచిన కాలువ ఉండాలి. మేస్త్రీలు దారి అడ్డకొలతలో ఒక పక్కకు ఇచ్చే కొద్దిపాటి వాలును వాటం అంటారు. అది లేని దారి ఎంత ఖర్చు పెట్టినా నిలవదు.

పైపొర విషయంలో తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్లు ఈ ప్రాంతంలో సులభంగా దొరుకుతాయి గాని, నునుపు చేసిన నాపబండ తడిస్తే జారుతుంది కాబట్టి అది వరండాకే తగినది. వాలుకు గరుకు గ్రానైటు రాళ్లు గాని, చక్రాలు నడిచే మేర రెండు కాంక్రీటు పట్టీలు పోసి నడుమ గరిక వదలడం గాని మేలు. కాంక్రీటును కింది నుంచి పైకి పోసుకుంటూ, ఆరకముందే చీపురుతో అడ్డంగా గీతలు లాగాలి. చదునైన శ్లాబు మీదైతే మట్టి గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు. వాలు మీద నీళ్లు నిలవవు కనుక గోనె సంచులు పరిచి, కనీసం వారం రోజులపాటు అవి ఆరిపోకుండా తడపాలి. వేసవిలో ఈ పని ఒక్క పూట తప్పినా పైపొర నెరియలు విచ్చే ప్రమాదం ఉంది.

ఇక పచ్చదనం సంగతి. నూరు మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పున్న గట్టి దారిపై 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 17,500 లీటర్ల నీరు పడుతుంది. అందులో అయిదో వంతు పోయినా మూడు ట్రాక్టరు ట్యాంకర్లకు సరిపడా మిగులుతుంది. డబ్బు పెట్టి ట్యాంకరు నీళ్లు కొనే ఊళ్లలో దాన్ని వాగులోకి వదలడం వృథాయే. అడ్డు మిట్టలు మళ్లించిన చోటల్లా, పల్లపు వైపు అర్ధచంద్రాకారంలో కట్ట వేసి వేప, కానుగ, సీతాఫలం నాటితే దారే వాటికి నీటి వనరవుతుంది. వేర్లు పైపొరను లేపకుండా చెట్లను అంచుకు రెండు మీటర్లయినా ఎడంగా ఉంచాలి. కోసిన గట్ల మీద బోద గడ్డి, గ్లైరిసీడియా మట్టిని పట్టి నిలుపుతాయి. రోజూ నీళ్లు కోరే పచ్చిక తివాచీలు ఈ నేలకు తగవు.

ఖర్చు తగ్గించుకోవలసి వస్తే పైపొరను వాయిదా వేసి కొన్నేళ్లు గరుసుతో నెట్టుకురావచ్చు, కాలువలను మాత్రం వాయిదా వేయకూడదు. వేసిన కాలువల్లోని పూడికను ఏటా ఆగస్టు ముగిసేలోగా తీయించుకోవాలి.