811 ఎక్కడ పుట్టింది?

కృష్ణా నీళ్ల మీద ఇద్దరు తెలుగువాళ్లు మాట్లాడుకుంటే కాసేపట్లోనే 811 అనే అంకె వచ్చి తీరుతుంది. ఆ వెంటనే గొంతులు లేస్తాయి. మా మనవడూ, వాడి స్నేహితులూ అంతే. ఒకడిది తెనాలి వైపు, ఒకడిది నల్గొండ, ఇంకొకడిది కర్నూలు. ముగ్గురూ ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లే. ఆ 811 ఎట్లా తేలిందిరా అంటే మాత్రం ముగ్గురూ ఫోన్లలోకి తలలు దించారు. సరే, ఇలా వచ్చి కూర్చోండి, చెప్తాను అన్నాను.

ముందు కొలత సంగతి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో 2,830 కోట్ల పైమాటే. అలాంటివి 811 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించింది బచావత్ ట్రిబ్యునల్. 1969లో కూర్చుంది, 1973లో తీర్పు చెప్పింది, 1976లో అది గెజిట్‌కెక్కింది.

నది ఏటా ఒక్కలాగే పారదు కదా. మరి ఏ ఏటి నీళ్లు పంచాలి? ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాల లెక్క తీసుకుంది. బళ్లో డ్రిల్లు మాస్టారు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడతాడు చూడండి, అట్లా ఆ ఏళ్లన్నిటినీ ఎక్కువ నీళ్లొచ్చిన ఏడాది ముందు, తక్కువొచ్చింది చివర వరసగా నిలబెట్టండి. ముందునుంచి ముప్పావు వంతు దూరం నడిచి, అక్కడున్న ఏడాది నీళ్లెన్నో చూడండి. 2060 టీఎంసీలు. దీన్నే 75 శాతం నమ్మకం అంటారు: నాలుగేళ్లలో మూడేళ్లు అంతకు తగ్గవని. పొలాల్లోంచి ఊరి మళ్లీ నదిలో చేరే నీళ్లు మరో 70 కలిపారు. మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, మనకు 811.

"సముద్రంలోకి వందల టీఎంసీలు వృథాగా పోతున్నాయి" అనేవాడు వరద వచ్చిన ఏడాది గురించి మాట్లాడుతుంటాడు. "నదిలో చుక్క లేదు" అనేవాడు కరువు ఏడాదిలో ఉంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. 2009లోనైతే వానలు మొహం చాటేసిన ఏడాదే, అక్టోబరులో వరదొచ్చి కర్నూలు మునిగింది. ఒక్క ఏడాదిలోనే ఇద్దరికీ సాక్ష్యం దొరికింది!

ఇక అసలు తకరారు పంపకంలో ఉంది. అప్పటికే సాగులో ఉన్న వాడకాల జోలికి పోకూడదని ట్రిబ్యునల్ అనుకుంది. అందుకే కృష్ణా డెల్టాకు 181.2, నాగార్జునసాగర్‌కు 281, కర్నూలు-కడప (కేసీ) కాలవకు 39.9 నిలిచాయి. ఇక్కడ తెనాలివాడు ఛాతీ విరిచాడు: 1855 నుంచి మావి! నిజమే, విజయవాడ ఆనకట్ట ఆ ఏటికే పూర్తయింది. కానీ అది ముందు డెల్టాకే ఎందుకొచ్చిందో అడగాలిగా? అప్పుడు కరెంటు మోటార్లు లేవు. నదికి అడ్డంగా రాతికట్ట కట్టి నీటిమట్టం కాస్త లేపితే చాలు, డెల్టా పల్లం కనక వాలుకు అవే పారతాయి. నల్గొండ, పాలమూరు భూములు చాలావరకు నదికి వందల అడుగుల పైన. అక్కడికి ఎత్తిపోయాలంటే ఆ రోజుల్లో సాధ్యమయ్యే పనా? భూమి వాలు ఇచ్చిన ముందడుగు, వందేళ్లు గడిచేసరికి చట్టం ముందు హక్కయి కూర్చుంది. డెల్టా రైతు ఎవరి దగ్గరా లాక్కోలేదు. పాలమూరు రైతుకు దక్కనూ లేదు. ఈ రెండో మాటను ట్రిబ్యునల్ కూడా ఎరుగును. పాలమూరు, అంటే కరువు జిల్లా మహబూబ్‌నగర్ కోసం జూరాల ప్రాజెక్టుకు 17.84 విడిగా ఇచ్చింది. చాలదన్నవాళ్లను నేను తప్పుపట్టను.

నల్గొండవాడి లెక్క ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన 1956 నవంబరు 1న మొదలవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో మూడింట రెండొంతులు మాదేనంటాడు. కర్నూలువాడు 1937కు వెళ్తాడు. ఆ నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ బంగళాలో, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమకే మొదటి పీట అని పెద్దలు ఒప్పుకున్నారు. ఒప్పందం ఎంత అమలైందో సీమలో ఎవరిని కదిపినా చెప్తారు. ముగ్గురూ తమ తమ ఏడాదిలో నిలబడి ఎదుటివాణ్ణి దొంగంటున్నారు. వాడి ఏడాదిలోకి వెళ్లి ఒకసారి చూస్తే దొంగ అన్న మాట రాదు. వాదన మాత్రం ఉంటుంది, ఉండాలి కూడా.

రాష్ట్రం విడిపోయాక 2015లో తాత్కాలికమంటూ ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ఇద్దరి మధ్య పంపకం తేల్చమని 2023లో కేంద్రం, బచావత్ తర్వాత వచ్చిన బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. ఆ ట్రిబ్యునల్ అంతకుముందే ఒక పని చేసింది. పాత 78 ఏళ్లు పక్కన పెట్టి, 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లు తీసుకుంది. అదే 75 శాతం లెక్క వేస్తే ఈసారి 2060 కాదు, 2173 వచ్చింది. నది అదే, సూత్రం అదే, ఏళ్లు మారాయంతే. తేడా 113 టీఎంసీలు, అంటే దాదాపు మూడు కేసీ కాలవలకు సరిపడా నీళ్లు. కర్నూలువాడు ఆ మాట విని కాగితం, పెన్ను అడిగాడు.