కన్ను (మూల ద్రావిడ పదం)

తెలుగులోని కన్ను అనే నామవాచకానికి మూల ద్రావిడ రూపం *కణ్ అని భాషాశాస్త్రవేత్తలు పునర్నిర్మించారు. లిఖిత ఆధారాలు లేని పూర్వభాషలోని పదాన్ని, దాని నుండి పుట్టిన భాషల రూపాలను పోల్చి నిర్ణయించడాన్ని పునర్నిర్మాణం అంటారు. ఇటువంటి రూపాల ముందు నక్షత్ర గుర్తు ఉంచడం ఆనవాయితీ.

హల్లు నిర్ణయం

కర్నూలు జిల్లా పశ్చిమాన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో తెలుగుతో పాటు కన్నడం కూడా వ్యవహారంలో ఉన్నది. ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేది. ఇక్కడ వినిపించే రెండు భాషలను పోలిస్తే పునర్నిర్మాణ పద్ధతి సులభంగా బోధపడుతుంది.

తెలుగులో కన్ను, పన్ను ఒకే తీరున మారుతాయి: కండ్లు, పండ్లు, కంటికి, పంటికి. తెలుగును మాత్రమే చూస్తే రెండింటి చివర ఒకే హల్లు ఉండేదనిపిస్తుంది. కానీ కన్నడంలో ఇవి కణ్ణు, హల్లు. తమిళంలో కణ్, పల్. కనుక మూలరూపాలు *కణ్, *పల్ అని వేరు చేయాలి. కన్నడ మణ్ణు, బెణ్ణె అనే మాటలకు తెలుగులో మన్ను, వెన్న ఉండటం వలన, ణ్ణ స్థానంలో న్న రావడం తెలుగులో క్రమబద్ధమైన మార్పని తెలుస్తుంది.

ఇరుగుపొరుగు భాషల పోలిక అరువు వలన కూడా కలగవచ్చు. అందుచేత దూరపు సోదర భాషలనూ పరిశీలిస్తారు. గోండీలో కన్, కురుఖ్‌లో ఖన్న్, బ్రాహుయీలో ఖన్ ఉన్నాయి.

విభక్తి రూపాలు

తమిళ కణ్ణుక్కు, కన్నడ కణ్ణిగె, తెలుగు కంటికి అనే రూపాలను బట్టి చతుర్థీ ప్రత్యయంలో 'క'కారం మూలభాష నాటిదే అని చెప్పవచ్చు. తెలుగులో ప్రత్యయానికి ముందు వచ్చే 'టి'ని వ్యాకరణాలు ఔపవిభక్తికం అంటాయి. ఈ పదానికి తమిళ, కన్నడాలలో అది కనిపించదు కనుక, దానిని మూలరూపంలో చేర్చడానికి ఈ మూడు రూపాలు చాలవు.

ఇతర కుటుంబాలలో

సెమిటిక్ భాషలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. అరబ్బీ ఐన్, హీబ్రూ అయిన్, అక్కాడియన్ ఈను అనే పదాలన్నిటికీ కన్ను అనే అర్థం. ప్రథమకు ఉ, షష్ఠికి ఇ, ద్వితీయకు అ అనే అంత్యాచ్చులు ప్రాచీన అరబ్బీ, అక్కాడియన్ భాషలు రెండింటిలోనూ ఉన్నందున వాటిని మూల సెమిటిక్‌కు ఆపాదిస్తారు. హీబ్రూలో అవి లోపించాయి.

పరిశోధన

ద్రావిడ భాషల సజాతీయ పదాలను బరో, ఎమెనోలు 1961లో నిఘంటువుగా ప్రచురించి, 1984లో సవరించారు. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వెలువరించిన గ్రంథంలో మూల ద్రావిడ నామ విభక్తులను సమగ్రంగా చర్చించారు.