కాన్పులు, చనుబాలు, రొమ్ము క్యాన్సరు

మా జలంత్రకోటలో జీడిపిక్కలు ఒలిచే పెద్దమ్మ ఒకరు, రొమ్ములోని గడ్డపై ఆరు మాసాలుగా ఆముదపాకు వెచ్చచేసి కట్టుకుంటున్నారు. "నొప్పి లేదు. ఐదుగురిని కని, అందరికీ పాలిచ్చినాను. నాకా రోగమెందుకొస్తాదమ్మా?" అని నన్ను అడిగారు.

ఆమె మాటలో సగమే సత్యం. 30 దేశాల్లోని 47 అధ్యయనాలను క్రోడీకరించి 2002లో వెలువడిన పరిశీలన ప్రకారం, ఒక్కొక్క కాన్పుకు ఈ ముప్పు సుమారు 7 శాతం, పాలిచ్చిన ప్రతి 12 మాసాలకు 4.3 శాతం తగ్గుతుంది. పిన్నవయసులో రజస్వల కావడం, ముట్లు ఆలస్యంగా ఆగడం, 30 దాటాక తొలి కాన్పు ముప్పును పెంచుతాయి. కాని ముప్పు తగ్గడం వేరు, లేకపోవడం వేరు.

అర్బుదం మెల్లగా పెరుగుతుందనీ, అంతగా బాధించదనీ, పక్వానికి రాదనీ సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. కావున నొప్పి లేకపోవడం అభయం కాదు. ఆకు కట్టు క్యాన్సరు గడ్డను కరిగించదు. విలువైన కాలాన్ని హరిస్తుంది.

పెద్దమ్మను ఒప్పించి విశాఖపట్నం తీసుకువెళ్ళాను. ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది, శస్త్రచికిత్స జరిగింది.

సోదరీమణులారా! చనుబాలు బిడ్డకు అమృతం, తల్లికి కొంత రక్షణ. అయినా రొమ్ములో గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన నుండి రక్తం కనిపిస్తే, ఎందరు బిడ్డల తల్లులైనా సరే, జాప్యం చేయక వైద్యులకు చూపించుకోండి.